రెండున్నరేళ్ళ పాపకి మాటలు సరిగ్గా రాలేదు, తెలుగు ఆపేయమంటున్నారు. ఆపాలా?

మైనా_అమ్మ:

నమస్తే అందరికీ. పెద్ద పోస్ట్, ముందే సారీ.

మా పాపకి రెండున్నరేళ్ళు. నాది తెలుగు, మా ఆయనది బెంగాలీ. ఆయనకి తెలుగు రాదు, నాకు బెంగాలీ ఏదో వాళ్ళింట్లో నా గురించి మాట్లాడుకుంటే పట్టుకునేంత వచ్చు అంతే, అందుకని మా ఇద్దరి మధ్య మొదట్నుంచీ ఇంగ్లీషే. పాప కడుపులో ఉన్నప్పుడే ప్లాన్ వేసేసుకున్నాం, నేను తెలుగు తప్ప మాట్లాడను ఆయన బెంగాలీ తప్ప మాట్లాడరు ఇంగ్లీష్ ఎలాగూ డేకేర్‌లో వచ్చేస్తుంది అని. మొదటి ఏడాది నేను ఇంట్లోనే ఉన్నా కాబట్టి తెలుగు వరకు బానే నడిచింది. తర్వాత నేను మళ్ళీ ఉద్యోగంలో చేరా, పాప డేకేర్‌కి, ఇక సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎవరికీ ఓపిక ఉండదు, నోటికి ఏదొస్తే అది.

ఇప్పుడు సంగతి ఏంటంటే తను పెద్దగా మాట్లాడట్లేదు. తన ఈడు పిల్లలు వాక్యాలు వాక్యాలు మాట్లాడేస్తున్నారు, ఇది మాత్రం వేలు చూపించి "ఊ ఊ" అంటుంది, లేదా ఒక్క మాట, మహా అయితే రెండు కలిపి, "మోర్ నీళ్ళు", "అమ్మా ఓపెన్", ఇలా. చెప్పింది మాత్రం మొత్తం అర్థమవుతుంది, "నీ చెప్పులు తలుపు వెనకాల ఉన్నాయి చూడు" అంటే వెళ్ళి తెచ్చుకుంటుంది. ఫ్రిజ్ మీద కాయితం అంటించి వారం రోజులు దాని నోట వచ్చిన ప్రతి మాటా రాశాం. తెలుగు 22, ఇంగ్లీష్ 31, బెంగాలీ 9. అందులో నీళ్ళకే మూడు మాటలు, నాతో నీళ్ళు, వాళ్ళ నాన్నతో జొల్, డేకేర్‌లో వాటర్.

చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్‌గారు రెండు నిమిషాలు చూసి, ఇంట్లో మూడు భాషలా, అందుకే కన్ఫ్యూజ్ అవుతోంది, ఒక్కటే పెట్టుకోండి, రేపు స్కూల్‌కి పనికొచ్చేది అన్నారు. మా అత్తగారిదీ అదే మాట (ఆవిడ ఉద్దేశం ఆ ఒక్కటీ బెంగాలీ అని, అది వేరే కథ).

సరే అని పది రోజుల నుంచి నేను పాపతో ఇంగ్లీషే మాట్లాడుతున్నా. ఆఫీసులో రోజంతా మాట్లాడేది అదే, కానీ దీనితో మాట్లాడుతుంటే ఎవరో పరాయి పిల్లని ఆడిస్తున్నట్టుంది. నిన్న తలస్నానం చేయిస్తూ "క్లోజ్ యువర్ ఐస్" అన్నా. అంతే, తర్వాత ఏమనాలో తోచలేదు. తెలుగైతే కళ్ళు మూసుకో, గట్టిగా, ఇంకా గట్టిగా, అదిగో దొంగ చూస్తోంది, ఒకటీ రెండూ మూడూ అయిపోయింది నా తల్లి అయిపోయింది అని నీళ్ళు పోసినంత సేపూ నా నోరు ఆగదు. నిన్న బాత్రూంలో నీళ్ళ చప్పుడు తప్ప ఏం లేదు. దానికీ వింతగా అనిపించిందో ఏమో కళ్ళు మూసుకోకుండా నా మొహం వంకే చూస్తూ కూర్చుంది, షాంపూ కళ్ళలో పడి ఒకటే ఏడుపు.

మీలో ఎవరైనా ఇలా ఒక భాష ఆపేశారా, ఆపితే మాటలు తొందరగా వచ్చాయా, ఆపాలంటే ఎవరి భాష ఆపాలి, అసలు ఇది నా ఉద్యోగం వల్లేనా? ప్లీజ్ ఏదో ఒకటి చెప్పండి.


రెండుజడలు:

మాదీ మీ కథేనమ్మా, కాకపోతే పదేళ్ళ ముందుది.

మా పెద్దాడికి రెండేళ్ళ ఎనిమిది నెలలప్పుడు అచ్చం ఇదే సలహా ఇచ్చారు, మేం విన్నాం, ఆపేశాం. మూడేళ్ళు దాటాక వాడు గలగలా మొదలెట్టాడు. ఆపినందుకు వచ్చాయా ఆపకపోయినా వచ్చేవా అంటే ఎవరు చెప్తారు, అదే పిల్లాడిని ఇంకోసారి పెంచి చూసే వీలు లేదుగా. చెప్పిన వాళ్ళు మాత్రం "చూశారా, మేం చెప్పలా" అన్నారు.

నేను చెప్పాలనుకున్నది వాడి గురించి కాదు, రెండో దాని గురించి. అది పుట్టాక మాకు బుద్ధొచ్చి, దీంతో మాత్రం తెలుగు వదలకూడదు అనుకున్నాం. కానీ అప్పటికి ఇంట్లో అన్నయ్య ఉన్నాడు, అన్నయ్యకి ఇంగ్లీష్ తప్ప రాదు. పొద్దున్నుంచి రాత్రిదాకా అది వాడి తోకే. నేను తెలుగులో ఎంత ముద్దు చేసినా అన్న ముందు అమ్మ ఎంత. ఇప్పుడు దానికి అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. సో మీరు ఇప్పుడు తీసుకునే నిర్ణయం ఈ పాప ఒక్కదానికే కాదు, తర్వాత పుట్టబోయే వాళ్ళకి కూడా ఇప్పుడే రాసిపెట్టేస్తున్నారు అన్నమాట. అది మాకు ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగం వల్ల కాదు. ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి.


పలుకుబడి:

పిల్లల మాటల మీద పనిచేసే వృత్తి నాది, 14 ఏళ్ళుగా ఇదే చేస్తున్నా. పోస్ట్ చదివి పాపకి ఇది ఉంది అది లేదు అని చెప్పను, అలా చెప్పేవాళ్ళని నమ్మొద్దు కూడా.

అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష. డాక్టర్‌గారు భాషలు లెక్కపెట్టారు సరే, చెవులు చూపించారా? తలుపు చప్పుడుకి తిరుగుతోంది కదా అని ఊరుకోకండి. తలుపు చప్పుడు వినపడ్డం వేరు, "స" "ష" లాంటి సన్నటి శబ్దాలు వినపడ్డం వేరు. మాటలు ఆలస్యం అని మా దగ్గరకొచ్చే ప్రతి పిల్లకీ మేం మొదట అడిగేది ఆ రిపోర్టే.

తర్వాత మీ ఫ్రిజ్ కాయితం. చాలా మంచి పని చేశారు, మా దగ్గరకి వచ్చేవాళ్ళలో పదిమందిలో ఒక్కరు కూడా ఇంత ఓపిగ్గా రాయరు. మామూలుగా 24 నెలలకి ఓ 50 మాటలు, రెండేసి మాటలు కలపడం, ఇది మేం చూసే గీత. ఆ 50 ఏ ఒక్క భాషలోనో కాదు, అన్నీ కలిపి. నీళ్ళు, జొల్, వాటర్ మూడూ లెక్కలోకొస్తాయి, ఎందుకంటే మూడు మాటలూ నేర్చుకుంది పాపే కదా. బార్బరా పియర్సన్ వాళ్ళు 1993లో స్పానిష్, ఇంగ్లీష్ రెండూ వింటూ పెరిగే చంటిపిల్లల మీద చూసింది ఇదే, ఒక్క భాషే లెక్కపెడితే వెనకబడ్డట్టు కనిపించొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే ఒక్క భాష పిల్లలకి తీసిపోరు. మీ పాపకి మొత్తం 62, రెండు మాటలు కలుపుతోంది. అంటే గీత దాటింది, కానీ 30 నెలలకి దాటింది. చెప్పింది అర్థం చేసుకోవడం, వేలు చూపించి మిమ్మల్ని పిలవడం, ఇవి మంచి గుర్తులే. అయినా ఒకసారి ఎవరైనా స్పీచ్ థెరపిస్ట్‌తో చూపించండి, "మాటలు వాటికవే వస్తాయిలే" అని మూడున్నరదాకా కూర్చోకండి. చూపించేటప్పుడు మూడు భాషల మాటలూ చెప్పండి, ఇంగ్లీష్ 31 ఒక్కటే చెప్తే తప్పు లెక్క వస్తుంది.

ఇక కన్ఫ్యూజన్ సంగతి. ఈ మాట చాలా పాతది. ఒకప్పుడు వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి వాళ్ళకి సరిగ్గా రాని భాషలో పరీక్షలు పెట్టి, మార్కులు తక్కువొచ్చాయి కాబట్టి రెండు భాషలు మెదడుకి బరువు అని రాసేశారు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అని ఇద్దరు, ఆర్థికంగా ఒకే స్థాయి కుటుంబాల నుంచి పదేళ్ళ పిల్లల్ని తీసుకుని పోల్చి చూస్తే రెండు భాషల పిల్లలు వెనకబడటం కాదు కదా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. అలాగని రెండు భాషలొస్తే తెలివి పెరుగుతుంది అని తిరిగే ఫార్వర్డ్‌లు కూడా నమ్మకండి, దాని మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు తెలిసి తేలిన విషయం ఒక్కటే, రెండు భాషలు వినడం వల్ల మాటలు రాకపోవడం అనే జబ్బు రాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద 2005లో చూస్తే వాళ్ళలో కూడా రెండు భాషల వాళ్ళు, ఒక్క భాష వాళ్ళకన్నా తక్కువ లేరు. మరి మీ పాపకేం.

"అమ్మా ఓపెన్" అంటోంది అన్నారుగా. రాబోయే రోజుల్లో చెవి పెట్టి వినండి, "బాల్‌తో", "కార్లో" అనడం మొదలెడుతుందేమో. మాట ఇంగ్లీష్‌దే, దాని చివర తగిలించిన "తో", "లో" తెలుగువి. వినేవాళ్ళకి అది కలగాపులగంలా ఉంటుంది గానీ తెలుగు వ్యాకరణం లోపల కుదురుకుంటేనే ఆ పని చేయగలరు.

మీరు ఆపాలా అని అడిగారు. మీ స్నానం సంగతి మీరే మళ్ళీ ఒకసారి చదువుకోండి. తెలుగు తీసేస్తే ఆ ఖాళీలోకి ఇంగ్లీష్ రాలేదు, నీళ్ళ చప్పుడు వచ్చింది. మాటలు తక్కువున్న పిల్లకి ఇంట్లో ఎక్కువ మాట్లాడే మనిషి నోరు కట్టేయడం ఏం వైద్యమో నాకైతే అర్థం కాదు.


నిద్రలేని_నాన్న:

థియరీ అంతా బాగుందండీ, కానీ ప్రాక్టికల్‌గా ఏమవుతుందో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మా వాడికి నాలుగేళ్ళు. నేను తెలుగు, మా ఆవిడ వేరే భాష. "ఒక మనిషి ఒక భాష" అని ఎక్కడో చదివి పట్టు పట్టి కూర్చున్నా. మూడేళ్ళదాకా బాగానే మాట్లాడాడు, స్కూల్‌కి వెళ్ళాక ఒక్కొక్కటే ఇంగ్లీష్ అయిపోయింది. ఎవరో చెప్పారు ఇంగ్లీష్‌లో మాట్లాడితే అర్థం కానట్టు ఉండండి అప్పుడు దారికొస్తాడు అని. ఉన్నా. ఒకరోజు బొమ్మ బస్సు చక్రం ఊడిపోయి ఏడ్చుకుంటూ వచ్చాడు, ఎక్కిళ్ళు పెడుతూ ఇంగ్లీష్‌లో ఏదో చెప్తున్నాడు, నాకు చక్రం కనిపిస్తూనే ఉంది వాడి చేతిలో, అయినా "ఏంటి నాన్నా, అర్థం కాలా, తెలుగులో చెప్పు" అన్నా. వాడు ఏడుపు ఆపి నన్నొకసారి చూసి, వెనక్కి తిరిగి వంటింట్లో వాళ్ళమ్మ దగ్గరకి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఏదైనా విరిగితే నా దగ్గరకి రాడు.

కాబట్టి ఆ రూల్స్ అందరికీ పనిచేస్తాయని చెప్పకండి. నేనిప్పుడు వాడు ఏ భాషలో వస్తే ఆ భాషలో మాట్లాడుతున్నా. ఓడిపోయా అనుకోండి.


పలుకుబడి:

నిద్రలేని_నాన్న గారూ, మీరన్నది కరెక్టే, ఆ రూల్‌కి ఇచ్చే గొప్ప కొంచెం ఎక్కువే. అది ఎప్పటిదో తెలుసా, 1913లో జూల్ రోంజా అనే ఫ్రెంచ్ భాషావేత్త తన కొడుకు లూయీ గురించి రాసిన పుస్తకంతో ఊరంతా తెలిసింది. ఆయన ఫ్రెంచ్, భార్య జర్మన్, ఆయన స్నేహితుడు గ్రామోఁ అనే ఇంకో భాషావేత్త ఇచ్చిన సలహా అది. పిల్లాడికి రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ చూడండి, ఒక్క పిల్లాడు, తండ్రి వృత్తే భాషలు. దాన్ని తెచ్చి ఆఫీసు నుంచి ఏడింటికి ఇంటికొచ్చే వాళ్ళ నెత్తిన పెడితే ఎలా.

బెల్జియంలో అనిక్ డి హౌవర్ అనే ఆవిడ 2007లో 1,899 కుటుంబాల లెక్క ప్రచురించింది. డచ్ బయట భాష, ఇంట్లో ఇంకో భాష ఉన్న కుటుంబాలు. ఇంట్లో రెండో భాష ఉన్నా మొత్తం మీద దాదాపు నాలుగో వంతు ఇళ్ళలో పిల్లలు ఆ భాష మాట్లాడట్లేదు. మీ పద్ధతి, తల్లిది ఒకటి తండ్రిది ఒకటి, పాటించిన వాళ్ళలో కూడా సుమారు అంతే. తల్లీతండ్రీ ఇద్దరూ ఇంట్లో ఆ రెండో భాషే మాట్లాడే చోట మాత్రం దాదాపు అందరు పిల్లలూ మాట్లాడారు. అంటే రూల్ పాటించారా లేదా కన్నా ఆ భాష రోజుకి ఎంతసేపు, ఎంతమంది నోట వినపడుతోంది అన్నదే అసలు లెక్క. మీ ఇంట్లో తెలుగుకి ఉన్నది మీరొక్కరే, అదీ సాయంత్రాలు. మీ తప్పేం లేదు.

"అర్థం కానట్టు ఉండటం" గురించి. ఎలిజబెత్ లాంజా అని నార్వేలో ఇంగ్లీష్, నార్వేజియన్ పిల్లల మీద పనిచేసినావిడ, పిల్లలు వేరే భాషలో మాట్లాడితే తల్లిదండ్రులు ఏం చేస్తారో ఐదు రకాలుగా చూపించింది. ఒక చివర మీరు చేసింది, ఇంకో చివర మనమే ఆ భాషలోకి మారిపోవడం. మధ్యలో రెండు మెత్తని దారులున్నాయి, చాలామంది అవి వదిలేస్తారు. వాడు ఇంగ్లీషులో "వీల్ బ్రోక్" అంటే, "అయ్యో, చక్రం ఊడిందా?" అని ప్రశ్నగా అడగడం. లేదా వాడన్నదే తెలుగులో తిరిగి అని మాట ముందుకి తీసుకెళ్ళడం, "చక్రం ఊడిపోయింది, రా ఇద్దరం బిగిద్దాం". వాడు "యా" అన్నా నష్టం లేదు. చక్రం అనే మాట వాడి చెవిన పడింది, బస్సు బాగైంది. ఏడుస్తున్న పిల్లతో ఎప్పుడూ ఈ దారే. మీరు ఓడిపోలేదండీ, వాడికి నాలుగేళ్ళేగా.

ఇంకో మాట, ఇప్పుడు ఆపి పెద్దయ్యాక నేర్పుదాం అనుకునేవాళ్ళకి. 2003లో ఒక అధ్యయనం వచ్చింది, మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్యలో కొరియా నుంచి ఫ్రాన్స్‌కి దత్తత వెళ్ళిన పిల్లలు, పెద్దయ్యాక వాళ్ళకి కొరియన్ వాక్యాలు వినిపిస్తే అది కొరియన్ అని కూడా పోల్చుకోలేకపోయారు. ఎనిమిదేళ్ళు మాట్లాడిన వాళ్ళతో సహా. ఉన్నపళంగా భాష మొత్తం తెగిపోతే జరిగేది అది. మీ ఇళ్ళలో అంత తెగదు, కానీ "లోపల ఎక్కడో ఉంటుందిలే" అన్న ధీమా మాత్రం వద్దు.


గోరింక2:

మధ్యలో వస్తున్నా సారీ. మాకు టైమ్ లేదు, అందుకే ఇంగ్లీష్ కార్టూన్లు మానేసి తెలుగు కార్టూన్లు, పాటలు పెడుతున్నాం రోజుకి గంట. అది సరిపోదా? మా బాబుకి 11 నెలలు.


పలుకుబడి:

సరిపోదండీ. 2003లో పట్రీషియా కూల్ వాళ్ళు అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకి 12 సార్లు చైనీస్ వినిపించారు, మాండరిన్. కొంతమందికి మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడిస్తూ, కొంతమందికి అదే మనుషుల్ని టీవీలో చూపిస్తూ. ఎదురుగా కూర్చున్న పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టేశారు. టీవీ పిల్లలు అసలు ఆ భాష విననివాళ్ళతో సమానంగా మిగిలారు. టీవీ మీరు నవ్వితే నవ్వదు కదా, మీ బాబు చూస్తున్న వైపు చూడదు కదా.

మీ వాడిది మంచి వయసు. ట కి త కి తేడా మనకి చిన్న విషయం, 1984లో వెర్కర్, టీస్ హిందీలో ఉండే ఇలాంటి ట-త జతే తీసుకుని ఇంగ్లీష్ ఇళ్ళ పిల్లలకి వినిపిస్తే ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్ళు ఠక్కున పట్టుకున్నారు, పది నుంచి పన్నెండు నెలల వాళ్ళు చాలామంది పట్టుకోలేకపోయారు. వాళ్ళింట్లో ఆ తేడాతో పని లేదు, చెవి వదిలేసింది. మీ బాబు మీ నోట రెండూ వింటూనే ఉన్నాడు కాబట్టి భయమేం లేదు. గంట కార్టూన్ కన్నా బట్టలు మడతపెడుతూ పది నిమిషాలు వాడితో వాగండి, ఇది నాన్న చొక్కా, ఇది నీ లాగు, అయ్యో దీనికి బొత్తాం ఏది, అంతే.


అర్థమవుద్ది_కానీ:

నేను ఈ కథలో పిల్లని. అంటే పెద్దయిన పిల్లని. తెలుగు చదవడం, టైప్ చేయడం 27 ఏళ్ళకి నేర్చుకున్నాను. తప్పులు ఉంటే సర్దుకోండి.

మా అమ్మా నాన్నా ఇద్దరూ తెలుగువాళ్ళే. ఒకరితో ఒకరు ఇంగ్లీష్. నాతో ఇంగ్లీష్. కోపం వస్తే తెలుగు. తొందర ఉంటే తెలుగు. సో నాకు వచ్చిన తెలుగు ఏంటంటే లే, రా, పో, తియ్యి, ముట్టుకోకు, ఎన్నిసార్లు చెప్పాలి. నిజంగా అంతే. ఒక భాష మొత్తం ఆర్డర్లు. అందుకే చాలాకాలం తెలుగు అంటే తిట్టే భాష అనుకున్నాను.

ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తాను. చిన్నపిల్లని ఎవరూ "మీరు" అనరు కదా. "రండి, కూర్చోండి" అనరు. మరి పిల్లకి మీరు, అండి ఎలా వస్తాయి? పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే పక్కన ఉండి వినాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో మాట్లాడుకోలేదు. నేను వినలేదు. 24 ఏళ్ళప్పుడు తాతయ్యకి బాలేదు అంటే వెళ్ళాను. ఆయన్ని చూడడానికి ఎవరో పెద్దాయన వచ్చాడు, తాతయ్య ఏం చేస్తున్నారు అని అడిగాడు. నేను చక్కగా "బజ్జున్నాడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నాకు ఎందుకు నవ్వుతున్నారో కూడా తెలియలేదు. నాకు నిద్రకి ఉన్న మాట అదొక్కటే, ఎవరో నన్ను జోకొట్టినప్పటిది.

ఇంకోసారి పిన్నికి ఫోన్‌లో "మనం రేపు సినిమాకి వెళ్తున్నాం" అన్నాను. నేనూ మా ఫ్రెండ్సూ అని నా అర్థం. పిన్ని పాపం రెడీ అయి కూర్చుంది. ఇంగ్లీష్‌లో "వి" ఒకటే, మేము మనం అని రెండు ఉంటాయని, పక్కవాళ్ళని కలుపుకుంటే ఒకటి కలుపుకోకపోతే ఒకటి అని నాకు ఆ రోజు తెలిసింది.

తాతయ్యతో నేను ఆ పది రోజులు మాట్లాడింది "నొప్పి ఉందా", "నీళ్ళు కావాలా", "బజ్జో". ఆయన మాత్రం గంటలు గంటలు చెప్పారు, ఆయన చిన్నతనం, ఆయన తమ్ముడు, ఏవో గొడవలు. సగం అర్థమైంది. అడగాలి అనుకున్నవి చాలా ఉన్నాయి, ప్రశ్న తయారయ్యేలోపు ఆయన ఇంకో దాంట్లోకి వెళ్ళిపోయేవారు.

మైనా_అమ్మ గారూ, ఆపొద్దు అని కూడా చెప్పను, మీ ఇల్లు మీ ఇష్టం. ఒక్కటే అడుగుతాను. తెలుగు ఉంచితే తిట్టడానికి మాత్రమే ఉంచకండి.


రెండుజడలు:

"ఎన్నిసార్లు చెప్పాలి" చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇంట్లో రోజుకి నలభై సార్లు అంటా ఆ మాట. తెలుగులోనే.


నిద్రలేని_నాన్న:

నిన్న రాత్రి బస్సు చక్రం బిగించాం. వాడు ఇంగ్లీష్, నేను తెలుగు. స్క్రూడ్రైవర్‌ని ఏమంటారు నాన్నా అని వాడు అడిగితే నాకూ తెలుగు తట్టలేదు, స్క్రూడ్రైవర్ అనే అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం. అంతకుమించి ఏం లేదు, చెప్పాలనిపించింది.


మైనా_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్, రిప్లై లేటైంది, ఆరు వారాలు ఎలా పోయాయో తెలీలేదు.

చెవుల పరీక్ష చేయించాం. ఎడమ చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరిందట, వినికిడి కొంచెం తగ్గింది. చాలాసార్లు దానికదే పోతుంది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాం అన్నారు. పలుకుబడి గారూ, మీరు చెప్పకపోతే మేం చెవుల దాకా వెళ్ళేవాళ్ళమే కాదు. మాటల ఆలస్యం దీనివల్లేనా అని అడిగితే ఇప్పుడే చెప్పలేం అన్నారు, థెరపిస్ట్ దగ్గర కూడా పేరు రాయించాం. అక్కడ మూడు కాలమ్‌ల కాయితం పట్టుకెళ్తే ఆవిడ మురిసిపోయింది.

తెలుగు మళ్ళీ మొదలెట్టా, ఆ రోజు రాత్రి నుంచే. మా ఆయన, నేను కూర్చుని మాట్లాడుకున్నాం, ఆయన కూడా తన బెంగాలీ సంగతి బయటపెట్టారు, పాపతో బెంగాలీ మాట్లాడుతుంటే నాకేం అర్థంకాక నేను పక్కకి వెళ్ళిపోతున్నానని, అందుకే ఇంగ్లీష్‌లోకి మారుతున్నారట. నాకు తెలియనే లేదు. ఇప్పుడు నేను పక్కనే కూర్చుంటున్నా, అర్థం కాకపోతే అడుగుతున్నా, నా బెంగాలీ కూడా రెండున్నరేళ్ళ పిల్ల స్థాయికి వస్తోంది. అర్థమవుద్ది_కానీ గారి పోస్ట్ చదివాక ఇంకోటి కూడా చేస్తున్నా, మా నాన్నతో ఫోన్ స్పీకర్‌లో పెట్టి పాప పక్కన ఉండగానే మాట్లాడుతున్నా, నాన్నని నేను మీరు అంటా కాబట్టి. ఏం పడుతుందో చెవిలో చూడాలి, అదీ ఒక చెవే పాపం.

నిన్న జరిగింది చెప్పి ఆపేస్తా. స్నానం వాళ్ళ నాన్న చేయిస్తున్నారు, నేను బయట తువ్వాలు పట్టుకుని నిలబడ్డా. ఆయన వంగి నీళ్ళు ముంచుతుంటే అది నురగ చేతులు రెండూ ఆయన జుట్టుకి పూసి "కళ్ళు మూసుకో" అంది. ఆయనకి అర్థం కాలేదు, "వాట్?" అన్నారు. అది ఒక్క క్షణం ఆయన వంక చూసి, నేను వెనకాల ఉన్నానని తెలుసు దానికి, నా వైపు కూడా చూసి, మళ్ళీ ఆయనకి "క్లోజ్ ఐస్" అని చెప్పి, ఇటు తిరిగి నాతో "నాన్న, దొంగ" అంది.

ఫ్రిజ్ మీద దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో తెలియక అడ్డంగా మూడింటి మీదా రాసేశా.